వంటసోడా మీద అడుగులు

మనిషి మరిచిపోతాడు, కుక్క మరిచిపోతుంది, తివాచీ మాత్రం మరవదని హెర్మీనియా అంటూ ఉండేది. ఎండాకాలమంతా ఏమీ ఎరగనట్టు పడి ఉన్న ఉచ్చ మరక, లీమా నగరం మీదికి చలికాలపు మంచుతుంపర దిగగానే తేమ తాగి మళ్ళీ నిద్ర లేస్తుంది. ఇళ్ళవాళ్ళు ముక్కులు మూసుకుని ఆమెకు కబురు పెట్టేది అప్పుడే. కోటి విద్యలూ కూటి కొరకే అంటారు గానీ, ఆమెకు కూడు పెట్టింది చేతులకన్నా ముక్కే. గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీలిస్తే చాలు, పిల్లిదో కుక్కదో, పైపైన ఉందో అడుగు మెత్తలోకి దిగిందో చెప్పేసేది.

ఆ గురువారం మధ్యాహ్నం మగ్దలేనా పేటలో, సముద్రం వైపు వీధిలో ఉన్న ఆ పాత ఇంటి గుమ్మంలో మాత్రం ఆ ముక్కు తడబడింది. కుక్క వాసన ఉంది, అందులో సందేహం లేదు. దాని కింద ఇంకేదో ఉంది. బాగా మగ్గి, తొక్క నల్లబడ్డ పండు వాసన లాంటిది. జలుబు పట్టిందేమో అనుకుంది.

తలుపు తీసిన రెబేకా అనే ఆవిడ ఆ ఇంటి ఆడపడుచు. ఉండేది వేరే పేటలో. శనివారం ఇల్లు చూడటానికి ఎవరో వస్తున్నారట, ఆలోగా ఈ కంపు పోవాలట. అంతా వాళ్ళ నాన్నగారి కుక్క తిసోన్ నిర్వాకమని చెప్పింది. ఒంటిమీద ఒక్క వెంట్రుక లేని ఆ దేశవాళీ నల్లకుక్కలకు చర్మం ఎప్పుడూ కాలుతున్నట్టు వేడిగా ఉంటుంది. కీళ్ళనొప్పుల ముసలివాళ్ళు వాటిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుంటారు. మరి నాన్నగారేరీ అంటే, అరెకీపాలో తమ్ముడి దగ్గరికి వెళ్ళారని చెప్పి రెబేకా గొళ్ళెం వైపు చూసింది.

పని మొదలుపెట్టే ముందు హెర్మీనియా ఈమధ్య ప్రతి ఇంట్లోనూ అడిగే మాట ఒకటుంది.

"ఏమనుకోకండి సెన్యోరా, ఈ ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయారా? మా ఇంట్లో పసిగుడ్డు ఉంది."

"అబ్బే, కుక్క ఒక్కటే పోయింది," అంది రెబేకా.

అడగడానికి కారణం ఉంది. హెర్మీనియా కూతురు మాగ్నాకు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. ఇంకా జ్ఞానస్నానం కాలేదు, పేరు లేదు, కొండ భాషలో పాప అనే అర్థంతో వావా అని పిలుస్తున్నారు. ఛాతీ బలహీనం. చలిగాలి తగలనిచ్చారంటే దక్కదని నర్సు తెగేసి చెప్పింది. అది చాలదన్నట్టు, జ్ఞానస్నానం కాని బిడ్డకు చచ్చినవాళ్ళ గాలి సోకితే ఏమవుతుందో కొండల్లో పుట్టిన హెర్మీనియాకు నర్సు చెప్పనక్కర్లేదు. చావింట్లో పని ఒప్పుకోనని బిడ్డ తల మీద చెయ్యి వేసి కూతురికి మాటిచ్చింది.

రెబేకా తాళంచెవి ఇచ్చి వెళ్ళిపోయింది. హెర్మీనియా పరదాలు మూసి గది చీకటి చేసి, ఊదారంగు లైటు వెలిగించింది. మామూలు వెలుగులో కనపడని ఉచ్చ మరకలు ఆ లైటుకు పచ్చగా మెరుస్తాయి. గోడ పక్కన నాలుగు చుక్కలు, కుర్చీ కాలి దగ్గర ఒక చార కనిపిస్తాయనుకుంది.

కుర్చీ మొత్తం మెరిసింది.

ఆనుకునే చోటు, చేతులు పెట్టుకునే చోటు, కూర్చునే చోటు... అక్కడి నుంచి కిందికి కారి తివాచీ మీద చాపంత పరుచుకుంది. ఏ కుక్క అయినా నేల మీద పోస్తుంది గానీ, కుర్చీలో వాలి కూర్చుని పోయదు కదా. ఆ మెరుపు మధ్యలో, కుర్చీ ముందు, గుండ్రంగా ఒక్కచోట మాత్రం ఏ మరకా లేదు. చుట్టూ కారుతుంటే మధ్యలో ఏదో ముడుచుకుని పడుకున్నట్టు.

వంగి ఆ గుండ్రటి చోట అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది.

చెయ్యి తియ్యలేదు. తియ్యబుద్ధి కాలేదు. ఆ చలికి ఆ వెచ్చదనం హాయిగా ఉంది. అప్పుడు వినిపించింది... టక్... టక్... యజమాని ఇంటికొస్తే కుక్క పడుకునే తోకతో నేలను కొట్టినట్టు. ఆమె ఊపిరి బిగబట్టింది. అదీ ఆగింది.

ఒక్క ఉదుటున లేచి పరదాలు లాగేసింది. బూడిదరంగు పగలు, పాత కుర్చీ, తివాచీ. అంతే. నేల కింద వేడినీళ్ళ గొట్టం ఉండి ఉంటుందిలే అని తనకు తాను చెప్పుకుంది. భయపడుతూ కూర్చుంటే పొయ్యి వెలగదు.

ఇక పనిలో పడింది. వేడినీళ్ళు పోస్తే మరక ఉడికి అక్కడే ఉండిపోతుంది కాబట్టి చన్నీళ్ళతో తడిపింది. రుద్దకుండా గుడ్డలతో అద్ది అద్ది పీల్చింది. గుడ్డలన్నీ బకెట్లో వేసింది. అవి ఎవరూ తమ ఇంట్లో ఉతకనివ్వరు, ఆమె తన ఇంటికే మోసుకెళ్తుంది. బకెట్ గుమ్మం బయట పెట్టి, గది లోపలి మూల నుంచి వెనక్కి నడుస్తూ తివాచీ అంతా తెల్లగా వంటసోడా చల్లింది. రాత్రంతా ఉంటే మిగిలిన వాసన లాగేస్తుంది. తేమ తగిలితే సోడా గడ్డకడుతుంది కాబట్టి కిటికీలు మూసి, తలుపు మూసి, తాళం వేసింది. చేసిందంతా పద్ధతి ప్రకారమే చేసింది.

బస్సు కోసం నిలబడి మూల మీది కొట్లో రొట్టె కొంటుంటే, ఆమె బకెట్ చూసి కొట్టు మనిషి గొంతు తగ్గించింది.

"ఆ ఇంట్లోనా అక్కా చేశావు? దొన్ అబెలార్దో కుర్చీ కూడా కడిగించిందా?"

అబద్ధమాడినా అతికినట్టుండాలి. రెబేకా అబద్ధానికి వీధి చివర దాకా కూడా ఆయుష్షు లేదు. రెబేకా వాళ్ళ నాన్న, ఆ ముసలాయన, ఆదివారం ఆ కుర్చీలోనే పోయాడట. మంగళవారం దాకా ఎవరూ చూడలేదట. తిసోన్ ఆయన కాళ్ళ దగ్గర నుంచి కదలలేదు, శవాన్ని తియ్యడానికి వచ్చినవాళ్ళను కరిచింది. రెబేకా అదే రోజు దానికి సూది వేయించి చంపించింది.

"చచ్చే ముందు కూడా ఆ కుర్చీ వైపే చూసిందంట," అంది కొట్టు మనిషి.

బస్సెక్కి హెర్మీనియా బకెట్‌ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చావింటి గాలి ఒంటి మీద ఉందన్న భయం ఒకటి. ఆదివారం నుంచి వేళ్ళు మడిస్తే అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది. ఇది అయిదో రాత్రి. వాళ్ళ ఊళ్ళో అయిదో రాత్రి ఇంట్లో నేల మీద బూడిద చల్లుతారు. చనిపోయినవాడి గుడ్డలు పారే నీటిలో ఉతికి అక్కడే వదిలేస్తారు. తలుపు బార్లా తీసి ఉంచుతారు. నల్లకుక్క దారి చూపిస్తే చచ్చినవాడు ఏరు దాటిపోతాడు. పొద్దున బూడిదలో అడుగులు బయటికి ఉంటే ఇంటికి మంచిది. అయిదో రాత్రి తలుపు మూయడమంటే వాణ్ణి ఇంట్లోనే ఉండమనడమే అనేది అమ్మ. తను తెల్లటి పొడి చల్లి, తలుపుకు తాళం వేసి, వాడి మరక పీల్చిన గుడ్డలు ఒళ్ళో పెట్టుకుని ఇంటికి పోతోంది.

వెనక్కి వెళ్ళి తలుపు తియ్యాలి. కానీ ఊరి ఆ చివర కొండ మీది పేటకు చేరేసరికే చీకటి పడిపోయింది, ఇంట్లో వావా దగ్గుతోంది. పొద్దున్నే వెళ్దాంలే అనుకుంది. బకెట్‌ను కొండ మెట్ల కింద చెత్తకుప్పలో విసిరేసింది. చెడుగాలి పోగొట్టే రూదా ఆకు వేసిన నీళ్ళతో ఒళ్ళు కడుక్కుని ఒక మూల పడుకుంది. మాట తప్పానని మాగ్నాకు చెప్పడానికి నోరు రాలేదు.

తెల్లవారుతుండగా మగ్దలేనాలో తాళం తీసి తలుపు నెట్టింది.

సోడా నిండా అడుగులే. కుక్క పాదాలు, వాటి పక్కన వేళ్ళు విడివడ్డ మనిషి పాదాలు, చెప్పుల్లేనివి. కుర్చీ నుంచి తలుపు దాకా వచ్చాయి. తిరిగి వెళ్ళాయి. మళ్ళీ వచ్చాయి. పనిచేసేటప్పుడు ఆమె బకెట్ పెట్టుకున్న చోటు చుట్టూ గానుగెద్దు తిరిగినట్టు ఎన్నిసార్లు తిరిగాయో, అక్కడ సోడా అరిగి తివాచీ బయటపడింది. తలుపు లోపలి వైపు కింద చెక్క మీద కొత్త గోళ్ళ గీతలు.

ఆమె అలా నిలబడి ఉండగానే మోకాలిని ఏదో వెచ్చగా ఒరుసుకుంటూ వెళ్ళింది. వెనకాలే చల్లటి గాలి... మగ్గిన పండు వాసన. ఆ తరవాత మెట్ల మీద ఏమీ లేదు.

హెర్మీనియా గుమ్మానికి ఆనుకుని ఏడ్చేసింది. పీడ పోయింది, ఆలస్యమైనా తలుపు తీశాను కదా అనుకుంది. సోడా అంతా మిషన్‌తో లాగేసింది. గదిలో ఏ వాసనా లేదు.

ఇంటికి వచ్చేసరికి మాగ్నా గుమ్మంలో నవ్వుతూ ఎదురైంది. తెల్లారిన కాసేపటి నుంచి వావా దగ్గలేదట, ఒకటే నిద్రట.

"పక్కలో వేడినీళ్ళ సీసా పెట్టి వెళ్ళావా అమ్మా? దుప్పటి ఒకవైపు భలే వెచ్చగా ఉంది."

"నేనేమీ పెట్టలేదు."

"అన్నట్టు నీ బకెట్ ఎవరో దొంగ వెధవ చెత్తలో పడేశాడు. రాత్రి నువ్వు పడుకున్నాక నీళ్ళకెళ్ళి చూసి తెచ్చా. ఆ గుడ్డలన్నీ వావా గుడ్డలతో కలిపి ఉతికేశాలే."

తీగ మీద వరసగా ఆరుతున్నాయి, ఒకటి తనది, ఒకటి పాపది. తల్లి మీద జాలితో కూతురు చేసిన పని. ఎవరిని తిట్టాలి? హెర్మీనియా లోపలికి వెళ్ళి చూసింది. పాప పక్కన దుప్పటి గుండ్రంగా నొక్కుకుని ఉంది. చెయ్యి పెట్టింది. వేడి.

అప్పుడు చెప్పింది, అంతా చెప్పింది. మాగ్నా బయటికి వెళ్ళి తీగ మీది గుడ్డలు ఒక్కొక్కటే లాగేసింది. తిట్టినా బాగుండేది.

సాయంత్రానికి తుంపర చిక్కబడింది. హెర్మీనియా ఆ గుడ్డలను దూరంగా ఏట్లో వదిలి వచ్చింది. జ్ఞానస్నానం వెంటనే చేయమని చర్చిలో అడిగితే ఆదివారం దాకా ఆగమన్నారు. ఇక మిగిలింది తలుపు.

"తలుపు తీస్తే చలికి చస్తుంది," అంది మాగ్నా.

"తియ్యకపోతే..."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి మాగ్నాయే లేచి తలుపు బార్లా తీసింది. ఉన్న దుప్పట్లన్నీ పాపకు చుట్టి ఇద్దరి మధ్య పడుకోబెట్టుకున్నారు. వెళ్ళిందో లేదో తెలియాలి కాబట్టి, హెర్మీనియా మంచం దగ్గర నుంచి గుమ్మం దాకా మిగిలిన వంటసోడా చల్లింది.

చలి ఎముకల్లోకి దిగింది. ఇద్దరూ నిద్రపోకూడదనుకున్నారు. ఒకరి చెయ్యి ఒకరు గిల్లుకుంటూ కూర్చున్నారు. కాసేపటికి మంచం కింద... టక్... టక్... మాగ్నా గోళ్ళు తల్లి చేతిలో దిగబడ్డాయి.

"వెళ్ళు తండ్రీ," అని హెర్మీనియా గుసగుసలాడింది. "మీ అయ్యను తీసుకుని వెళ్ళు. దారి తీసే ఉంది."

ఆ పైన వెచ్చదనం వచ్చింది. కాళ్ళ మీదుగా, ఒళ్ళో దాకా, చలిమంట దగ్గర కూర్చున్నట్టు. అంత భయంలోనూ కళ్ళు ఎలా మూతపడ్డాయో ఇద్దరికీ తెలియదు.

మెలకువ వచ్చేసరికి తెల్లవారింది. తలుపు తీసే ఉంది. సోడా మీద అడుగులు... బయటికి. ముందు కుక్కవి, వెనక ముసలాయనవి, గుమ్మం దాటి తడిలో కలిసిపోయాయి. మాగ్నా పాప గుండె మీద చెవి పెట్టి విని, ఊపిరి చక్కగా ఆడుతోందని, గురక కూడా లేదని ఏడుస్తూ నవ్వింది. హెర్మీనియా మోకాళ్ళ మీద కూలబడి దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

అలా నేలకు దగ్గరగా వంగినప్పుడు కనిపించింది. కుక్క అడుగులకూ మనిషి అడుగులకూ మధ్యలో ఇంకో వరస ఉంది. బొటనవేలంత పాదాలు. తప్పటడుగులు కావు, తిన్నగా, గుమ్మం దాకా, గుమ్మం అవతలికి. తిరిగి వచ్చినవి ఒక్కటీ లేవు.

పాప ఇంకా మెడ కూడా నిలబెట్టలేదు.

లేచి, మాగ్నా చూడకుండా దుప్పటి అంచు పైకెత్తింది. పాప అరికాళ్ళు రెండూ తెల్లగా ఉన్నాయి. రాత్రంతా గడిచినా పక్క పొడిగానే ఉంది. హెర్మీనియా వంగి, రోజూ చేసినట్టే పాప మాడు మీద ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది.

పాల వాసన లేదు. ఉచ్చ వాసన లేదు. ఏ వాసనా లేదు.

పాప కళ్ళు తెరిచి ఆమె వైపు చూసింది.