బిడ్డకు బదులు

పూతలపట్టు దాటినాక ఒక మామిడితోపులో గట్టు లేని పాత బావి ఉంది. ఎప్పుడో సిద్ధమ్మ అనే ఆమె చంటిబిడ్డతో అందులో పడి చచ్చిపోయిందట. పొద్దుగూకినాక బిడ్డనెత్తుకుని ఆ దారిన పోతే బావి పిలుస్తుందంటారు. మా అక్క కూతురు లోహిత నాకు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

పాలకేంద్రంలో పాలు పోసి వస్తోంది. చంకలో నెలల కొడుకు, చేతిలో ఖాళీ క్యాను. చీకటి పడింది. బావి దగ్గరికి రాగానే—

"ఏసెయ్..."

చెవిలో కాదు, తలలో. చేతులు వదిలేసినట్టు... బిడ్డ నీళ్ళలో పడినట్టు... ఆ చప్పుడు కూడా వినిపించింది. చూస్తే, వాడు చంకలోనే నిద్రపోతున్నాడు.

వంగి, దారిలోని కంకరరాయి తీసి బావిలోకి విసిరింది.

"ఇది తీసుకో... నా బిడ్డను వదిలిపెట్టు..."

ఒకటే పరుగు.

ఇంటికొచ్చినా వదల్లేదు. కత్తిపీట చూసినా అదే మాట. తట్టుకోలేక అత్త రాఘవమ్మకు చెప్పేసింది.

"దెయ్యం పట్టిన చేతికి బిడ్డనెట్లిస్తానే?" అని అత్త పిల్లవాణ్ణి లాక్కుంది. మంత్రగాడు వచ్చి వేపకొమ్మలతో బాదాడు. బిడ్డ డబ్బాపాలు మరిగాడు.

నాకు తెలిసేసరికే ఆలస్యమైంది. తిరుపతిలో డాక్టరమ్మకు చూపించాను.

"ఇట్లాంటి ఆలోచనలు చానామంది తల్లులకు వస్తాయమ్మా. వచ్చినంత మాత్రాన చెయ్యరు. బిడ్డంటే ప్రాణం కాబట్టే నీకంత భయం."

లోహిత నమ్మలేదు. "మా ఊర్లో ఎవురికీ రాలేదే పిన్నీ... నాకే ఎందుకొచ్చింది?"

ఎండాకాలం బావి ఎండిపోయింది. పూడిక తీయడానికి మనుషులు దిగారు. మట్టికన్నా ముందు రాళ్ళొచ్చాయి. అన్నీ పిడికిట్లో పట్టేవే... కొత్తవి, పాచి పట్టినవి, నల్లబడినవి. గంపలకు గంపలు.

"ఎవురప్పా ఇన్ని ఏసింది?"

"పిలకాయలు ఏసుంటార్లే," లోహిత మొగుడు ధనంజయ నవ్వాడు.

చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళు ఒక్కరూ నవ్వలేదు. కొంగు సర్దుకుని ఒక్కొక్కరే జారుకున్నారు.

మనవణ్ణి ఎత్తుకున్న రాఘవమ్మ మాత్రం కదల్లేదు. గంపలోని నల్లరాళ్ళనే చూస్తోంది.

"అత్తా..." లోహిత గొంతు తగ్గించింది. "దాంట్లో నీదీ ఉండాదా?"

రాఘవమ్మ గొణిగింది— "ధనంజయ చంటిబిడ్డగా ఉన్నప్పుడు..."

లోహిత కొడుకు కోసం చేతులు చాపింది.

వాడు కొత్తమనిషిని చూసినట్టు చూసి... నాయనమ్మ మెడ కరుచుకుని కెవ్వుమన్నాడు.