రెక్క చివరి మనిషి

ఎంత పెద్ద విమానమైనా వెనక్కి వెళ్లేటప్పుడు గుడ్డిదే. అందుకే దాన్ని గేటు దగ్గర నుంచి బండితో వెనక్కి నెడుతుంటే, రెండు రెక్కల చివర్లలో ఇద్దరు వెలిగే కర్రలు పట్టుకుని నిలబడతారు. కర్రలు పైకెత్తితే దారి ఖాళీ. అడ్డంగా పెడితే ఆగు. మనిషి కనిపించకపోతే బండి అంగుళం కూడా కదలకూడదు.

బండి తమ్ముడిది. ఎడమ రెక్క అక్కది. అంతకుముందు అక్కడ బావ నిలబడేవాడు. కర్రలు పైకెత్తాక వాటిని రెండుసార్లు టక్ టక్ మని కొట్టేవాడు. అది రూలేం కాదు, ఆయన సరదా. అందరూ ఆయన్ని టకటకా అనే పిలిచేవాళ్లు. పోయిన చలికాలం తమ్ముడు సెలవులో ఉన్న రోజు, బావ ఆ రెక్కకీ వెనక ఆగిన ట్యాంకరుకీ మధ్య నలిగిపోయాడు.

ఆ ఉద్యోగం అక్కకిచ్చారు. అక్క ఏడవలేదు. తమ్ముడికీ ఏడుపు రాలేదు. తింటున్నారు, పడుకుంటున్నారు, డ్యూటీకి వస్తున్నారు, అంతే. అక్కకేమీ కాకూడదన్న భయం ఒక్కటే అతనిలో ఇంకా బతికుంది.

ఆ ఉదయం పొగమంచు దిగింది. పొద్దెక్కినా ఎండ జాడ లేదు. తడిసిన సిమెంటు మీద కిరసనాయిలు వాసన. ఇంజన్లు ఇంకా వేయలేదు. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం.

"రెడీయేనా?" చెవిలో పైలట్ గొంతు.

కుడివైపు కర్రలు లేచాయి. ఎడమవైపు తెల్లటి శూన్యం. తమ్ముడు ఆగాడు.

కాసేపటికి అక్కడా రెండు ఎర్రటి వెలుగులు పైకి లేచాయి.

బ్రేకు వదిలాడు. బండి కదిలింది. విమానం మెల్లగా వెనక్కి జరిగింది.

ఆ రెండు వెలుగులూ దగ్గరికొచ్చాయి... తగిలాయి. మళ్లీ తగిలాయి.

అక్క అలా కొట్టదు... ఎప్పుడూ కొట్టలేదు.

తొక్కిపట్టి బ్రేకు వేశాడు.

పెద్ద చక్రాల వెనక నుంచి అక్క పాక్కుంటూ బయటికొచ్చింది. ఆరిపోయిన కర్రలు చంకలో ఉన్నాయి, చేతిలో ఒక బ్యాటరీ. ఆమె కోటు అంచు మీద టైరు మరక పడింది.

"బ్యాటరీ జారి చక్రం కిందికి దొర్లింది. ఇంజను వేశాక పీల్చుకుంటుందని తీస్తున్నా. నేను చెయ్యెత్తకుండా ఎలా కదిలావురా?"

"నువ్వు కాదా ఎత్తింది?" గుసగుసగా అడిగాడు.

అక్క రెక్క చివరికి చూసింది. అక్కడేమీ లేదు, మంచు తప్ప.

"ఆయనకి అన్నింటికీ తొందరే," అంది మామూలుగా. "ఇంట్లోనూ అంతే. నేను లేకుండా ఒక్కడే ఉండలేడు."

తమ్ముడు బ్రేకు మరింత గట్టిగా తొక్కాడు. ఆపుదామా అని అడిగాడు. అక్క తల అడ్డంగా ఊపింది. ఆరిన కర్రలు అతని పక్క సీట్లో పడేసి, కొత్తవి తీసుకుని నడిచింది.

మంచు కాస్త పలచబడింది. ఈసారి మనిషి స్పష్టంగా కనిపించింది. అక్కే. రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. దారి ఖాళీ.

"వెళ్దామా?" పైలట్ అడిగాడు.

తమ్ముడు బ్రేకు మీది కాలు తీయబోయాడు.

పక్క సీట్లో, ఆరిపోయిన ఆ కర్రలు...

టక్. టక్.

ఆ చప్పుడు విన్నా అక్క చేతులు దించలేదు.