ఆపరేషన్ రేవుసన్నాలు

హత్య జరిగిన సంగతి మూడోరోజు పొద్దున్న బయటపడింది. శవాలు తడిగుడ్డలో మూటకట్టి ఉన్నాయి.

వీరాయమ్మ మూట విప్పి చూసి, అరుగు మీద కూలబడింది. నారుమడిలో విత్తనం చల్లేముందు గుప్పెడు గింజలు తడిపి మొలక కట్టి చూడడం వాళ్లమ్మ నాటి అలవాటు. మూడోరోజుకి తెల్లగా మొలక కనిపించాలి. ఈసారి ఒక్క గింజ కూడా పగల్లేదు.

"మా అమ్మ ఇచ్చిన విత్తనం బాబూ," అంది. "నలభై ఏళ్లు కాపాడేను. నా చేతుల్లోనే పోయింది."

కళ్యాణ్ ఓ గింజ కొరికి చూశాడు. ఉప్పుడు బియ్యం వాసన. ఎవరో విత్తనాల బానలోని వడ్లన్నీ ఉడకబెట్టి, ఆరబెట్టి, మళ్లీ పోసి, మూతచుట్టూ పేడ అలికి ఎప్పటిలాగే పెట్టేశారు. ఉడికిన గింజ అన్నానికి పనికొస్తుంది కానీ మొలకెత్తదు.

అతడి పేరు నిజానికి కళ్యాణ్ కాదు. అసలు పేరు రాద్దామంటే ప్రభుత్వం ఒప్పుకోదు. ఢిల్లీలో ఓ ఫైలు మీద ఏజెంట్ ఎస్-17 అని ఉంటుంది. ఆత్రేయపురంలో మాత్రం అతడు అయిదు నెలలుగా పంచాయతీకి జీవవైవిధ్య రిజిస్టర్ రాసే కాంట్రాక్టు ఉద్యోగి. ఊళ్లో ఏ చెట్టుంది, కాలవలో ఏ చేపుంది, ఏ పిట్ట ఏ నెలలో వచ్చి ఏ నెలలో పోతుంది, ఇవన్నీ ఇంటింటికీ తిరిగి రాసుకోవాలి. చట్టం రాయమంది. రేపు ఏ విదేశీ కంపెనీ అయినా "ఇది మేం కనిపెట్టాం" అని పేటెంటుకి వెళితే, మొహాన పెట్టి చూపించడానికి కాయితం ఉంటుంది.

బ్రీఫింగ్‌లో చీఫ్ మూడు ముక్కల్లో తేల్చేశాడు. "హార్వెస్ట్ అని విదేశీ ముఠా. ఉప్పునీటిని తట్టుకునే వరి కోసం గోదావరి డెల్టా అంతా గాలిస్తోంది. వాళ్లకంటే ముందు నువ్వు కనిపెట్టు."

కనిపెట్టాడు. తీరా చూస్తే అది తను అద్దెకున్న ఇంట్లోనే ఉంది. వీరాయమ్మ పుట్టిల్లు సముద్రం ఒడ్డున, ఓడలరేవు. రొయ్యల చెరువుల ఉప్పుకి చుట్టుపక్కల చేలన్నీ చౌడుబారినా, ఆవిడ అరెకరంలో మాత్రం రేవుసన్నాలు పండుతూనే ఉన్నాయి. ఏటా విత్తనం తెచ్చి ఈ బానలో దాస్తుంది. మరో చోట ఆ గింజ లేదు. వచ్చేవారం కమిటీ ముందు విత్తనం చూపిస్తే రిజిస్టర్‌కి ఎక్కుతుంది.

ఈ సంగతి అతడు ఒక్కరికే చెప్పాడు.

ఆవిడ పేరు ఉమామహేశ్వరి. వీరాయమ్మ చుట్టే పూతరేకులు కొని గల్ఫ్‌కి ఎగుమతి చేసే కంపెనీ యజమానురాలు. బండారులంక చీర, నల్లకళ్లద్దాలు, ఏసీ కారు. ముఠాలో చేరి మనకి కబుర్లు అందించే మనిషి అని ఢిల్లీ నమ్మకం. మొదటిసారి వచ్చినప్పుడు "నెయ్యి తక్కువైందాండీ?" అని అడిగింది. "లేదండీ, బెల్లం ఎక్కువైంది," అన్నాడు. కోడ్ కలిసింది. వెళ్లేముందు గొంతు తగ్గించి అతడిని అసలు పేరుతో పిలిచింది.

అయిదు నెలల్లో ఆ పేరు వినబడడం అదే మొదలు. ఎవరూ లేని మనిషికి పేరు పెట్టి పిలిచేవాళ్లు దొరికితే నోరు ఆగదు. రెండోసారి వచ్చినప్పుడు బాన సంగతి చెప్పేశాడు.

కిందటివారం ఉమామహేశ్వరి ఎగుమతి కాయితాల మీద సంతకాలంటూ వీరాయమ్మని కారులో అమలాపురం పంపింది. అదేరోజు ముఠా మనిషి కపిలేశ్వరపురం లంకల్లో ఉన్నాడని అతడిని అటు తరిమింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇల్లు ఖాళీ. పెరట్లో పొయ్యి ఎలాగూ ఉంది.

ఇంత చిన్న లెక్క మూడోరోజుకి గానీ తెగలేదు. కళ్యాణ్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది.

వాళ్లు అన్నీ ఉడకబెట్టి ఉండరు. గుప్పెడో రెండు గుప్పెళ్లో పచ్చివి ఉంచుకుంటారు. అవి దేశం దాటితే అక్కడ పేటెంటు, ఇక్కడ చౌడు. గంట కిందటే ఉమామహేశ్వరి అరవై పెట్టెల పూతరేకులు ఎక్కించుకుని వెళ్లింది. పదకొండింటికి బొబ్బర్లంక లాకుల దగ్గర ముఠావాళ్లని నమ్మించడానికి ఆ మిఠాయిలు అందిస్తానని తనే చెప్పింది.

చీఫ్‌కి ఒక్క మెసేజ్ కొట్టి, వీరాయమ్మగారి పాత మోపెడ్ ఎక్కాడు. గూఢచారులకి ఎగిరే కార్లిస్తారని ఎవరైనా చెబితే నమ్మకండి.

లాకుల పక్కన రెండు కార్లు ఆగి ఉన్నాయి. ఒకటి ఆవిడది. రెండోది కాన్సులేట్ నంబరు ప్లేటుది. పెట్టె అందులోకి వెళితే ఇక మన చట్టం దాన్ని ముట్టుకోలేదు. టైము పదకొండుకి ఇంకా నాలుగు నిమిషాలు.

ఆవిడ తొణకలేదు. అసలు పేరుతోనే పిలిచి, విత్తనం కాకినాడ పోర్టు దారిలో పోతోందని, ఇక్కడ టైము వృథా చేసుకోవద్దని చెప్పింది. కావాలంటే చూసుకోమని డిక్కీ తెరిచింది.

అతడు జేబులోంచి పెన్ స్కానర్ తీసి అరవై పెట్టెల మీదా తిప్పాడు. పచ్చలైటు వెలిగింది. బియ్యపు రేకుల మధ్య వడ్లగింజని పట్టుకునే తెలివి దానికి లేదు.

"తృప్తా అండీ?" అంది ఆవిడ, పైనున్న పెట్టె అందుకుంటూ.

కళ్యాణ్ ఆ పెట్టె మూత ఎత్తి చూశాడు. సాయంత్రాలు ఏం తోచక వీరాయమ్మ పక్కన కూర్చుని రేకులు చుట్టడం నేర్చుకున్నవాడు. పొడిరేకు మీద చెయ్యేస్తే పొడైపోద్ది బాబూ, తడిగుడ్డ అద్దితే మాట వింటది, అనేది ఆవిడ. వీరాయమ్మ మడతకి అంచు చెదరదు. ఈ పెట్టెలో ప్రతి మడతా మూలల్లో పగిలి ఉంది. ఏసీ కారులో, తడిగుడ్డ లేకుండా, ఎవరో విప్పి మళ్లీ చుట్టారు.

కాన్సులేట్ కారు అద్దం దిగి ఓ చెయ్యి బయటికి వచ్చింది. ఆ చెయ్యి పెట్టెని తాకేలోపు అతడు లాగేసుకుని ఒక పూతరేకు విరిచాడు. పంచదార పొడిలోంచి సన్నటి వడ్లు రాలాయి.

లాకుల మీద గాలాలు వేసుకుని కూర్చున్న ఇద్దరు లేచి వచ్చారు. చీఫ్ మనుషులు. కాన్సులేట్ కారు అద్దం ఎత్తుకుని, ఏమీ ఎరగనట్టు గోదావరి బ్యారేజీ మీదుగా వెళ్లిపోయింది.

వాళ్లు తెచ్చిన జీపెక్కేముందు ఉమామహేశ్వరి వెనక్కి తిరిగింది.

"ఇకమీదట మిమ్మల్ని ఆ పేరుతో పిలిచేవాళ్లెవరండీ?"

నిజంగానే ఎవరూ లేరు.

పెట్టెలో రెండు గుప్పెళ్ల గింజలు దొరికాయి. వీరాయమ్మ కొన్ని తడిగుడ్డలో కట్టింది. ఆ మూడురోజులూ అతడికి అన్నం సహించలేదు. మూడోరోజు పొద్దున్న గింజగింజకీ తెల్లటి మొలక. ఆవిడ ఏడిచింది. అతడికీ ఏడుపొచ్చింది కానీ ఉద్యోగం గుర్తొచ్చి ఆపుకున్నాడు. ఆ మధ్యాహ్నం బండికే బయలుదేరమని ఆర్డరు వచ్చింది.

"ఇదంతా నా నోటివల్లే జరిగిందండీ, పిన్నిగారూ," అన్నాడు సంచీ సర్దుకుంటూ.

"తెచ్చింది కూడా నువ్వే కదా," అంది వీరాయమ్మ. "నీ పేరు కళ్యాణ్ కాదని నాకు మొదటి వారంలోనే తెలుసు. రెండోసారి పిలిస్తేగానీ పలకవు."

నెల తరవాత మరో రాష్ట్రంలో, మరో పేరుతో, ఓ లాడ్జిగదిలో ఉండగా చీఫ్ ఫోన్ చేశాడు. ఆత్రేయపురం రిజిస్టర్ కాపీ ఢిల్లీకి చేరిందట. రేవుసన్నాల పేజీ బ్రహ్మాండంగా ఉందట. వలస పక్షుల పేజీలో మాత్రం చివర ఎవరో ముసలి చేతిరాతతో ఒకటి కలిపారట. చదివి వినిపించాడు.

"స్థానిక నామం: కళ్యాణ్. మాఘంలో వచ్చి జ్యేష్ఠంలో పోయింది. గూడు ఎక్కడో తెలీదు. రెండుసార్లు పిలిస్తే పలుకుతుంది. కాపాడవలెను."

ఎస్-17 మరోసారి చదవమన్నాడు.

"సెక్యూరిటీ రూల్స్ ప్రకారం కొట్టేయించాలి. ఏమంటావు?" అన్నాడు చీఫ్.

"వద్దు సార్. అరుదైన జాతుల్ని ముట్టుకుంటే చట్టం ఊరుకోదు."