పై ఇంటి బాబాయ్

మధ్యాహ్నం మూడయిందంటే చాలు, పై ఇంట్లో గోకుడు మొదలయ్యేది. గర్... గర్...

కింది వాటాలో అతను పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసేవాడు. గోడలకు పరుపులు కట్టి, ఫ్యాన్ ఆపేసి, చెమటలు కక్కుతూ చదివేవాడు. తీరా వింటే భూగోళశాస్త్రం వెనకాల ఎవరో గచ్చు గోకుతున్న చప్పుడు. వారం రోజులు ఓర్చుకుని, ఎనిమిదో రోజు పళ్లు కొరుక్కుంటూ మెట్లెక్కాడు.

తలుపు తీసిన అమ్మాయి చేతిలో దోసకాయ ముక్క ఉంది. కళ్లద్దాల షాపులో పనిచేసే అమ్మాయి. ఆ రోజు సెలవు.

"ఏమండీ, రోజూ మూడింటికి ఏం గోకుతున్నారు?"

"ఆ టైముకి నేను షాపులో ఉంటాను. మా అమ్మ నిద్రపోతుంది. గోకితే మా బాబాయే గోకాలి."

"పెద్దాయనకి అదేం సరదా అండీ?"

"లోపలికొచ్చి మీరే అడగండి."

గదంతా తొట్లు. ఒకదాంట్లో మూడు చిన్న తాబేళ్లు రాయెక్కి, మెడలు సాగదీసి అతన్ని ఎగాదిగా చూశాయి. మంచం కింద నుంచి ఇంకో ముసలి ముఖం బయటికొచ్చింది.

"ఈయనేనా బాబాయ్?"

"నాకు ఏడేళ్లప్పుడు తాతయ్య అగ్గిపెట్టెంత తాబేలు పిల్లను చేతిలో పెట్టి, 'ఇదుగో నీ బాబాయ్' అన్నాడు. ఇరవై ఏళ్లయింది."

కోపం ఎటు పోయిందో అతనికే తెలియలేదు. ఏం తింటుంది, మనిషిని గుర్తుపడుతుందా, డిప్ప మీద గీస్తే నొప్పి పుడుతుందా? అడిగినకొద్దీ ఆమె కళ్లు వెలిగాయి. పక్కింటివాళ్లెవరూ ఇన్ని అడగలేదట. పైగా తాబేళ్ల పిచ్చి అని ఓ పేరు కూడా పెట్టారట.

"మరి మీరు పెడుతున్నా దోసకాయ తినడేం?"

ఆమె ముఖం చిన్నబోయింది. "పది రోజులుగా ఏమీ ముట్టడం లేదు. ఏం జరుగుతోందో నాకు అర్థం కావట్లేదండీ. మేం చూస్తున్నంతసేపూ ఇలా బొమ్మలా కూర్చుంటాడు."

అతను కంప్లెయింటు సంగతి మర్చిపోయి కిందికి దిగాడు. కానీ చెవి ఊరుకోలేదు. పాత రికార్డింగులన్నీ మళ్లీ పెట్టి విన్నాడు. మర్నాడు ఆమె షాపుకు బయలుదేరేలోగా హెడ్‌ఫోన్లు పట్టుకుని పైకెళ్లాడు.

"వినండి. రెండు చప్పుళ్లున్నాయి. ఒకటి గరుకుగా, వెంటనే ఒకటి మెత్తగా. ఒకదాని తర్వాత ఒకటి, ఒక్కసారి కూడా తప్పలేదు."

ఆమె విని గతుక్కుమంది. "బాబాయ్ వెనక ఎడమ కాలి గోళ్లు విరిగిపోయాయండీ. అదే మెత్తటి చప్పుడు... అంటే తవ్వేది వెనక కాళ్లతో!"

గబగబా తాబేలును రెండు చేతులా ఎత్తి కింది డిప్ప చూసింది. చదునుగా ఉంది.

"మగదైతే ఇక్కడ గుంట ఉంటుంది. ఊరందరికీ తాబేళ్ల గురించి పాఠాలు చెప్తాను. తాతయ్య మాట పట్టుకుని మా బాబాయ్‌నే సరిగ్గా చూడలేదు. వెనక కాళ్లతో తవ్వేది గుడ్లు పెట్టడానికే. ఇది పిన్ని!"

ఇద్దరూ డాక్టరు దగ్గరికి పరుగెత్తారు. ఎక్స్‌రేలో గుడ్లు ఐదు కనిపించాయి.

"మగతోడు లేకపోయినా పెడతాయి, పిల్లలు కావంతే," అన్నాడు డాక్టరు. "గచ్చు మీద పెట్టలేక బిగబట్టుకుంది. రేపటిలోగా మన్ను దొరికితే సరి. లేకపోతే కోసి తీయాలి. ఈ నీరసంలో తట్టుకుంటుందని నేను చెప్పలేను."

ఆమె ఎక్స్‌రే కవరును గుండెకు హత్తుకుని నిలబడిపోయింది.

"మా పెరట్లో టమాటా మడి ఉంది," అన్నాడతను.

"కాయలున్నాయి కదండీ!"

"కాయలు బజార్లో దొరుకుతాయి."

మొక్కలన్నీ పీకేసి, మన్ను గుల్ల చేసి, పిన్నిని దింపారు. మనుషులు కనబడితే కదలదు గనుక మడి పక్కన మైకు పెట్టి, తలుపు వెనక నక్కారు. చెరొక ఇయర్‌ఫోన్.

గంట గడిచింది. చినుకులు మొదలయ్యాయి. అప్పుడు వినిపించింది, గరుకుగా ఒకటి, మెత్తగా ఒకటి. చాలాసేపు తవ్వాక అదీ ఆగిపోయింది.

"ఊపిరి పీల్చుకుంటోందా?" ఆమె అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ష్. వినండి."

టప్.

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. రెండు. మూడు. నాలుగు. తర్వాత ఎంతకీ ఏమీ లేదు. అతను వాల్యూమ్ పెంచాడు. ఐదో టప్ వినగానే ఆమె బావురుమని ఏడ్చింది. అతనికీ కళ్లు చెమర్చాయి. మణికట్టు మాత్రం ఆమె వదల్లేదు, అతనూ విడిపించుకోలేదు.

వారం తర్వాత, సెలవు రోజున, మూడింటికి అతను మళ్లీ తలుపు తట్టాడు.

"కంప్లెయింటండీ. పై నుంచి చప్పుడు రావట్లేదు."

"దానికి కూడా గొడవేనా?"

"వారం నుంచి ఒక్క పేజీ సరిగ్గా చదవలేదు. మూడయ్యేసరికి చెవులు పైకే పోతున్నాయి. పిన్ని కోసం అనుకున్నాను. కాదు, మీ కోసం. మీరంటే నాకిష్టం."

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. "నాతో వచ్చే సామాను తెలుసుగా? నాలుగు డిప్పలు. పిన్ని మనిద్దరికన్నా ఎక్కువ కాలం బతుకుతుంది."

"మంచిదేగా. మన సంగతులు చెప్పడానికి ఒకరుంటారు."

లోపలి నుంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది. "కాయలున్న మొక్కలు పీకేసినప్పుడే అనుకున్నానే! గుమ్మంలో నిలబెట్టి మాట్లాడతావేం, లోపలికి రమ్మను!"

ఆమె లోపలికి వెళ్లింది. కాసేపటికి పిన్నిని తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

"బరువు, జాగ్రత్త. మన మడి దాకా మోయాలి."

మన మడి అన్న మాట దగ్గరే ఆగిపోయిన అతనికి ఆ బరువు తెలియనే లేదు.