చీటీ మీది రెండో సంవత్సరం

మూడో గోడ మీద పద్నాలుగో బొమ్మను యంత్రపు చేయి అంగుళం కిందికి దించుతోంది. అప్పుడే లోపలికొచ్చిన వకుళ తలుపు పక్కనున్న చీటీ చదివి అక్కడే చతికిలబడింది.

‘జొన్నలగడ్డ వకుళ, 1991–2047.’

అది 2047, సెప్టెంబరు. వకుళ బొమ్మలు ముప్ఫై ఏళ్లుగా పదిమంది బొమ్మల మధ్య ఏదో మూల వేలాడాయి. తానొక్కర్తే గోడలన్నీ నింపిన ప్రదర్శన విశాఖలో ఇదే మొదటిది. ఈ వయసులో ఇంకోటి వస్తుందన్న ఆశ కూడా ఆమెకు లేదు.

ఆ యంత్రం పేరు దర్శిని. పాత రోజుల్లో బొమ్మలన్నీ గోడకు ఆనించి, దేని పక్కన ఏది బతుకుతుందో చూస్తూ రెండు రోజులు అటూ ఇటూ జరిపి, నాలుగు మాటలు అనుకుని, అప్పుడు మేకు కొట్టేవారు. ఇప్పుడు ఆ పోట్లాటల్లేవు. సీలింగులోని కెమెరాలు ఎవరి కళ్లు ఏ బొమ్మ మీద ఎంతసేపు నిలిచాయో కొలుస్తాయి. దాన్ని బట్టి వరస, వెలుతురు, చీటీలోని రాత, అన్నీ దర్శినే మార్చేస్తుంది. జనం ఇంకాసేపు నిలబడాలి, దానికి అంతే కావాలి.

“నా చేయి వణుకుతోందని గీతల్లో కనిపెట్టిందా డాక్టరుగారూ? నాకేమవుతుంది?” తెర దగ్గరున్న మనిషిని వకుళ అడిగింది.

దర్శినిని తయారుచేసిన డాక్టరేట్ మనిషి ఇందీవర్ నవ్వాడు. “దానికేం తెలుసండీ! నలభైవేల ప్రదర్శనలు చూసి నేర్చుకుంది. చీటీలో రెండు సంవత్సరాలుంటే జనం ఎక్కువసేపు చూస్తారు. అందుకని మీకూ రెండోది పెట్టింది. నిన్నటిదాకా ఒక్కో బొమ్మ ముందు తొమ్మిది సెకన్లు. ఇది పెట్టాక నాలుగు నిమిషాలు. ఒకావిడ ఏడ్చారు కూడా.”

యంత్రం రాకముందు ఆ హాల్లో బొమ్మలు వేలాడదీసినవాడు అప్పలకొండ. అతను వచ్చి చీటీ పీకి చెత్తబుట్టలో పడేశాడు.

“బతికున్న మనిషికి ఇలాటి రాతలేటమ్మా! మీకేటీ కాదు, లెగండి.”

ఆ రోజంతా వకుళ మూల కుర్చీలో కూర్చుంది. మళ్లీ తొమ్మిది సెకన్లే. జనం ఆమె ముప్ఫై ఏళ్ల మీదుగా, ఫోన్లు చూసుకుంటూ, మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు. చావు భయం కన్నా ఆ వీపులను చూస్తుంటేనే ఆమెకు ఎక్కువ భయమేసింది.

సాయంత్రం హాలు ఖాళీ అయ్యాక చెత్తబుట్టలోంచి చీటీ తీసి, తుడిచి, తన చేత్తోనే మళ్లీ అతికించింది.

ప్రదర్శన నాలుగు నెలలు పొడిగించారు. వకుళ మాస్కు వేసుకుని వచ్చి, తన కోసం ఏడ్చేవాళ్లను చూసి, ఇంటికి పోయి నాడి పట్టుకుని చూసుకునేది. మెట్లు దిగాలన్నా, చేప ముల్లు తగిలినా భయమే. ఆ ఏడాది ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసింది.

పోయింది. జనవరి ఒకటో తేదీ పొద్దున గుండె మీద చేయి వేసుకుని, కొట్టుకుంటోందని పసిపిల్లలా ఏడ్చింది. ఆ ఊపులో రెండు వారాల పాటు కూర్చుని ఒక సముద్రం వేసింది. అంత బాగా ఆమె ఎన్నడూ వేయలేదు. అది తనకూ తెలుసు.

హాలుకు తీసుకెళ్తే దర్శిని ఆ బొమ్మను పైనుంచి కిందిదాకా చూసింది. యంత్రపు చేయి దాన్ని అందుకోలేదు. ఒక చీటీ బయటికొచ్చింది.

‘రంగు వేసిన సంవత్సరం 2048. నకిలీ.’

“దీనికి చెప్పండి డాక్టరుగారూ. నేను బతికే ఉన్నానని చెప్పండి!”

ఇందీవర్ తెర మీద ఏదో వెతికాడు. అతని ముఖం పాలిపోయింది. “మొదట అది రాసింది ఊహేనండీ. కానీ పీకేసిన చీటీని ఒక మనిషి మళ్లీ అతికించడం కెమెరాలో చూసింది. మీరు పోయినట్టు నిర్ధారణ అయిందనుకుంది. దేశంలోని గ్యాలరీలన్నిటికీ అప్పుడే పంపేసింది. అక్కడి దర్శినులన్నీ ఇప్పుడు ఇదే చెప్తాయి. ఏది మొదలో, ఎక్కడ చెరపాలో నాకూ తెలియడం లేదు.”

అప్పలకొండ పాత సుత్తి, మేకు తెచ్చాడు. “నేను కొట్టేస్తానమ్మా, ఏ గోడకి కావాలో చెప్పండి.” యంత్రపు చేయి అడ్డంగా వచ్చి నిలిచింది.

వకుళ ఎటు పోవాలో తెలియక తన పద్నాలుగో బొమ్మ ముందు నిలబడిపోయింది.

దర్శిని తెర మీద కొత్త లెక్క పడింది: ‘గుర్తు తెలియని సందర్శకురాలు. పదకొండు నిమిషాలు. ఇప్పటివరకు ఇదే ఎక్కువ.’