మునిగే ఓడ కాగితాలు

పెట్టె తాళం పగల్లేదు. లోపలి ఫైలు మాత్రం లేదు.

ఉదయం తొమ్మిదీ పది. సకల జనుల సమ్మెకు ముప్పై రెండో రోజు. మరిపెడ పక్క తండాలో, ఆ ఇనుప పెట్టె ముందు హెడ్ కానిస్టేబుల్ కల్పన గొంతుక్కూర్చుంది. స్టేషన్ మొత్తం రోడ్ల మీద బందోబస్తులో ఉంది. ఈ కేసుకు ఆమె ఒక్కతే.

"ఏమేం ఉండె?"

"ఆర్డర్, మెడికల్ కాగితాలు, ఐడీ కార్డు," అన్నాడు ప్రేమ్‌సింగ్.

అతను నేవీలో సెయిలర్, సెలవు మీద ఇంటికొచ్చాడు. జామ్‌నగర్‌లో ఎలక్ట్రికల్ పని నేర్చాడు. సబ్‌మెరైన్ ఎలక్ట్రానిక్స్ కోర్సుకు ఎంపికయ్యాడు. సముద్రం అడుగున సబ్‌మెరైన్‌కు చూపు ఉండదు. నీళ్లలో చప్పుళ్లను పట్టే సోనారే దానికి చెవి. ఆ చెవి చెడితే బాగుచేసే పని నేర్పుతారు.

"రేపు పొద్దుగాల ఎనిమిదింటికి విశాఖల ఉండాలె మేడం. కార్డు లేకుంటె గేటు దాటనియ్యరు. కోర్సు పోతది. పైకెల్లి శిక్ష."

"రైలు?"

"మానుకోటల మూడు ఇరవైకి. రేపటి సంది రైల్ రోకో."

చేతిలో ఆరు గంటలు.

ముగ్గురిని అరుగు మీద కూర్చోబెట్టింది. ప్రేమ్‌సింగ్ పెదనాన్న కొడుకు హీర్యా, భుజం మీంచి జెండా దించనివాడు. నేవీ పరీక్ష తప్పిన బలరాం. తల్లి కమలాబాయి.

"హీర్యా, తమ్మున్ని పోవద్దన్నవట?"

"అన్న. ఊరంత రోడ్డు మీదుంటె నీకు నౌకరేందిర అని అడిగిన. గంతమాత్రాన దొంగనైతనా అక్కా? నిన్న పొద్దంత వంటావార్పు కాడనె ఉన్న. గా పప్పు తిని పరేషాన్ అయిన. ఒకటే ప్లాస్టిక్ కంపు!"

"నీ ఉపన్యాసం కంపయ్యుంటది," అన్నాడు బలరాం. అందరూ నవ్వారు.

"నువ్వేం జేసినవ్ బలరాం?"

"ఏం జెయ్యలే. సబ్‌మెరైన్ అంటె ఏందని ఈ అవ్వ అడిగింది. మునిగే ఓడ అని చెప్పిన."

కమలాబాయి కుడిచేతిని కొంగు కింద దాచుకుంది.

కల్పన లేచి, వంటావార్పు జరిగిన మరిపెడ రోడ్డు మీదికి పోయింది. నిన్న పొయ్యి కాడ ఎవరెవరు ఉన్నారో అక్కడివాళ్లను అడిగింది. మూడు రాళ్లు, నిన్నటి బూడిద. లాఠీతో గెలికింది. నల్లగా గడ్డకట్టిన ప్లాస్టిక్ ముద్ద. అందులో ఫొటో అంచు. తెల్ల టోపీ, సగం నుదురు.

పదకొండు నలభై. మళ్లీ అరుగు.

"తాళంచెవి తల్లీకొడుకులకే ఉన్నది. ఏనాడూ సమ్మెకు రాని ఈ అవ్వ నిన్న పొయ్యి కాడ కూసున్నది. కాగితం కాలితె గంత కంపు రాదు, కార్డు కాలితె వస్తది. హీర్యా చెప్పనే చెప్పిండు. మనం నవ్వి ఇడిసిపెట్టినం." ముద్దను తల్లి ముందు పెట్టింది. "చెయ్యి చూపియ్యవ్వా."

బొటనవేలి మీద బొబ్బ.

"మునిగే ఓడల కన్నకొడుకును ఎవ్వలన్న ఎక్కిస్తరా బిడ్డా?"

"యాడీ!" తల్లిని తండా మాటలో పిలిచి ప్రేమ్‌సింగ్ తల పట్టుకున్నాడు. "మునిగి మల్ల తేలుతది!"

"తేలుతదా?" ఆమె బలరాం వైపు తిరిగింది. "తేలుతదని చెప్పకపోతివి."

"నువ్వు అడగకపోతివి."

నేవీలో చేరిన మూడేళ్లలో ప్రేమ్‌సింగ్ కూడా చెప్పలేదు.

కల్పన విశాఖ నేవీ ఆఫీసుకు ఫోన్ చేసింది. కార్డు, కాగితాలు కాలిపోయినట్టు పోలీసు సర్టిఫికెట్ తెస్తే చూస్తామన్నారు, కానీ ఎనిమిది దాటితే కోర్సు లేదు. ఆమె సర్టిఫికెట్ రాసింది. ఎవరు కాల్చారన్న చోట ఖాళీ వదిలింది. ప్రేమ్‌సింగ్‌ను కల్పన తన బండి ఎక్కించుకుంది. ముందు హీర్యా జెండా ఊపుతూ ఇంకో బండి మీద పోయాడు, తాను అడ్డం వేయించిన చెట్లను తానే లాగించాడు. దారిలో ఎస్సై సంతకం, ముద్ర దొరికాయి. మూడు ఐదుకు మానుకోట చేరారు.

పట్టాల నిండా జనం. రేపటి రైల్ రోకో ఈ రోజే మొదలైంది.

"జర జరగుండ్రే, మా తమ్ముడు పోవాలె," హీర్యా బతిమాలాడు.

"అందరికి తమ్ముళ్లు ఉన్నరన్నా. నిన్న మైకుల నువ్వే చెప్తివి గదా, ఒక్క బండి కదలొద్దని!"

కల్పన లాఠీ లేవలేదు. ఆ పట్టాల మీద ఆమె తమ్ముడూ ఉన్నాడు.

మూడు ఇరవై. కల్పన ఫోన్ మోగింది. కమలాబాయి. "ఎక్కిండా బిడ్డా?"

ప్రేమ్‌సింగ్ జనానికి కాస్త ఎడంగా పట్టా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. రైలు చప్పుడు కోసం ఇనుముకు చెవి ఆనించాడు. చాలాసేపు విన్నాడు.

"ఏం ఇనొస్తలేదు మేడం."