కిటికీ పక్క బల్ల మీద చుక్కలు

అమెరికాలో టొలీడో ఊళ్ళో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసు నాలుగో అంతస్తులో, కిటికీ పక్క బల్లకి చెడ్డపేరు. తొంభై ఏడు నాటి మాట. రాత్రి తొమ్మిది దాటితే తుడిచేవాళ్ళెవరూ అటు పోయేవారు కాదు. రోసా అయితే బకెట్టూ గుడ్డా అక్కడే పారేసి పోయింది... మళ్ళీ పనిలోకి రాలేదు.

ఆ బల్ల మర్లీన్‌ది. ముప్ఫై ఏళ్ళు అక్కడే పనిచేసింది. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఆ కుర్చీలోనే తల వాల్చేసింది.

రోసా బదులు మూడో అంతస్తు నుంచి వాండాని పైకి పంపారు. కింద కాపలా కాసే ఎర్ల్ ముందే చెప్పాడు.

“ఆ మూల వదిలెయ్ వాండా. ఎవరడగొచ్చారు?”

“ఇరవై ఏళ్ళు మా అత్తగారితో వేగాను. దెయ్యం నన్నేం చేస్తుందయ్యా?”

పైగా మర్లీన్ ఆమెకి తెలిసిన మనిషే. సాయంత్రాలు కాఫీ దగ్గర కలిసేవారు. పదకొండేళ్ళుగా మాటల్లేని చెల్లెలు ఐరీన్‌కి ఉత్తరం రాస్తున్నాననీ, ఆఫీసు కంప్యూటర్లోనే దాచాననీ ఒకసారి చెప్పింది. “ఇంకో నాలుగు ముక్కలు రాస్తే అయిపోతుంది” అంది. ఆ నాలుగు ముక్కలూ రాయకుండానే పోయింది.

ఆ రాత్రి బయట మంచు పడుతోంది. చీకటి హాల్లో ముప్ఫై తెరలు — ముప్ఫైటి మీదా స్క్రీన్ సేవర్ రంగురంగుల గొట్టాలు. ఒకదానికొకటి అతుక్కుంటూ, వంపులు తిరుగుతూ, నల్లటి తెర నిండా అల్లుకుంటున్నాయి. ఎవరి చెయ్యీ పడకపోతేనే వస్తాయవి. చెయ్యి పడిందా, మాయం.

వాండా వాక్యూమ్ లాగుతూ కిటికీ దాకా వచ్చింది.

మర్లీన్ తెర మీద గొట్టాలు ఆగాయి.

వాండా ఒక అడుగు వెనక్కి వేసింది... అంతలోనే నవ్వొచ్చింది. ఈ మిషను అదురుకి మౌస్ కదిలుంటుంది, అంతే! రోసా పిచ్చిది.

మిషను ఆపేసింది. కాసేపటికి గొట్టాలు మళ్ళీ వచ్చాయి.

మళ్ళీ ఆగాయి.

ఈసారి హాల్లో చిన్న చప్పుడైనా లేదు. తెర మధ్యలో పాస్‌వర్డ్ అడిగే పెట్టె. అందులో ఒక చుక్క పడింది... ఇంకోటి... మరోటి... వణికే వేళ్ళు ఒక్కో మీటా వెతుక్కుంటున్నట్టు. ఆరు చుక్కలు. తప్పు, అంది పెట్టె. చుక్కలన్నీ చెరిగిపోయాయి.

మళ్ళీ ఒకటి... రెండు...

కీబోర్డు మీద మీటలు మాత్రం కదలడం లేదు.

పారిపోవాలనుకుంది వాండా. అయినా తెర మీదికి వంగి, “మర్లీన్... మర్చిపోయావా?” అంది గుసగుసగా. చుక్కలు ఆగాయి. ఎదురుచూస్తున్నట్టు ఆగాయి.

వాండా కుర్చీ అంచున కూర్చుని, ఒక్క వేలితో ఐరీన్ పేరు కొట్టింది. తప్పు. మర్లీన్ ఇంటి పేరు కొట్టింది. తప్పు. ఇంకేం తెలుసు తనకి? కాఫీ దగ్గర పది నిమిషాల స్నేహం... ఏడుపొచ్చేసింది.

“వాండా.”

వెనక ఎర్ల్. చేతిలో టార్చి.

“దేని మీద కొడుతున్నావ్?”

“పాస్‌వర్డ్... పాపం, ఆమెకి గుర్తు రావట్లేదు...”

ఎర్ల్ టార్చి వెలుగు బల్ల కిందికి తిప్పాడు. కంప్యూటర్ డబ్బా ఉండాల్సిన చోట నలుచదరంగా దుమ్ము మరక. పక్కన ఖాళీ వైర్లు.

“మధ్యాహ్నమే పట్టుకుపోయారు... ఎవరికీ తెరుచుకోలేదని. అందులో ఉన్నదంతా తుడిచేసి వేరే ఆఫీసుకి ఇచ్చేశారట.”

“ఉత్తరం?”

“ఏ ఉత్తరం?”

వాండా తెర వంక చూసింది. చుక్కలు మళ్ళీ మొదలయ్యాయి. ఒకటి... రెండు... మూడు...

“చెప్పు వాండా,” అన్నాడు ఎర్ల్. “నీకు తెలిసిన మనిషి కదా. అందులోదేదీ ఇక లేదని చెప్పు.”

వాండా నోరు తెరిచింది.

నాలుగు... అయిదు...